కారు నిలిపే చోటుకు కాస్త కళ: బెజవాడ, గుంటూరు ఇళ్లకు ఏది నప్పుతుంది?

గేటు తీయగానే ముందు కనిపించేది హాలు కాదు, పార్కింగే. చుట్టాలొచ్చినా, పెళ్లిచూపులకు వచ్చినా కారు పక్క నుంచే లోపలికి నడవాలి. అయినా ఇల్లు కట్టేటప్పుడు డబ్బంతా హాలు సీలింగుకీ, కిచెన్ కబోర్డులకీ అయిపోతుంది. పార్కింగ్ వంతు వచ్చేసరికి "ఇక్కడేముందిలే, ఏదో ఒక టైలు వేసేయండి" అనేస్తాం. కొన్నేళ్లకు దాన్ని బాగు చేయిద్దామని కూర్చుంటే ఫోన్లో ఫొటోలు తల తిప్పేస్తాయి: అద్దంలా మెరిసే ఎపాక్సీ నేల, గోడంతా చెక్క ప్యానెళ్లు, సీలింగు నిండా తేనెపట్టు గళ్ల లైట్లు.

ఆ ఫొటోల్లో ఉన్నది నాలుగు వైపులా మూసిన గది. మన పార్కింగ్ అలా ఉండదు. ఒక వైపు గేటు, ఒక వైపు సందు, నెత్తిన పై అంతస్తు బాత్రూమ్ పైపులు. వాన జల్లు కొడుతుంది, రోడ్డు దుమ్ము దిగుతుంది. వ్రతానికి భోజనాలు అక్కడే, ఎండాకాలం ఆవకాయ కలిపేదీ అక్కడే, దసరాకు బండ్ల పూజా అక్కడే. అందుకే షాపులో ఏ వస్తువు చూపించినా ముందు మూడు అడగండి. నీళ్లు నిలిస్తే ఏమవుతుంది? ఎండలో తిరిగొచ్చిన టైరు ఎక్కితే ఏమవుతుంది? యాభై మంది చెప్పులతో తిరిగితే ఏమవుతుంది?

నీళ్ల సంగతి బెజవాడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి నీళ్లు తీశాక టైలు, రాయి, సిమెంటు కడుక్కుంటే బాగుపడతాయి. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసే పలక), జిప్సమ్ ఉబ్బిపోయి పారేయడానికి తప్ప పనికిరావు. అంత వరద రాకపోయినా, గంట గట్టి వాన పడితే రోడ్డు నీళ్లు గేటు కింద నుంచి లోపలికి వచ్చే ఇళ్లు రెండు ఊళ్లలోనూ చాలానే ఉన్నాయి. కాబట్టి గోడ మీద నాలుగు అడుగుల ఎత్తున ఒక గీత ఉందనుకోండి. దాని కింద తడిస్తే పాడయ్యేది ఏదీ పెట్టొద్దు. సోకులన్నీ గీత పైనే. సింగ్ నగర్‌లో అంతకన్నా లోతు వచ్చిన వీధులున్నాయి, అక్కడివాళ్లు గీతను ఇంకా పైకి జరుపుకోవాలి.

నేల: సగం బడ్జెట్ దీనికే

ఎపాక్సీతో మొదలుపెడదాం, ఇప్పుడు అందరూ అడుగుతున్నది అదే కాబట్టి. రెసిన్ అనే జిగురు ద్రవం, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి సిమెంటు నేల మీద పరిచే పూత ఇది. అతుకులు ఉండవు, తడిగుడ్డతో తుడిస్తే చాలు, పాలరాతి చారల నుంచి మెటాలిక్ షేడ్ల దాకా డిజైన్లు వస్తాయి. మూసి ఉండే షోరూములకు, వర్క్‌షాపులకు చక్కగా సరిపోతుంది. మన ఇళ్ల దగ్గరే దీనికి రెండు చిక్కులు.

మొదటిది చెమ్మ. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచి పారే విజయవాడలో నేల కింద తడి ఎక్కువ. పాత ఇళ్లలో కాంక్రీటు కింద పాలిథీన్ షీటు వేసి ఉండటం అరుదు. కింద నుంచి ఆవిరి నెడుతుంటే పూత బుడగలు కట్టి పొరలుగా లేచిపోతుంది. రెండోది టైరు. మే నెల మధ్యాహ్నం బందరు రోడ్డంతా తిరిగొచ్చిన టైరు వేడికి పూత మెత్తబడుతుంది, చల్లారేటప్పుడు టైరు దాన్ని పట్టేసుకుంటుంది, పొద్దున బండి తీస్తే అంత మేర ఊడి వస్తుంది. నాసిరకం పూతకైతే ఇది ఖాయం. గేటు వైపు ఎండ పడేచోట రంగు పసుపుకు తిరగడం అదనం.

అయినా మనసు దాని మీదే ఉంటే ముందు ఓ చిన్న పరీక్ష చేయండి. ఒకటిన్నర అడుగుల చదరం పాలిథీన్ ముక్కను నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి పోకుండా టేపు వేసి, పదహారు గంటలు వదిలేయండి. షీటు లోపల చెమట పట్టినా, కింద సిమెంటు నల్లబడినా ఎపాక్సీ ఆలోచన మానుకోండి. పొడిగా ఉంటే మెషీన్‌తో నేలను గ్రైండింగ్ చేయించి, ప్రైమరు, ఆపైన ఎపాక్సీ, అన్నిటి మీదా పాలీయురేథేన్ కోటు వేయించాలి. "గ్రైండింగ్ ఎందుకండీ, యాసిడ్‌తో కడిగేద్దాం" అన్న కాంట్రాక్టరుకు టీ ఇచ్చి పంపేయండి. కొత్తగా పోసిన కాంక్రీటైతే 28 రోజులు ఆరాకే పూత మాట.

ఎక్కువ ఇళ్లకు నేను చెప్పేది పార్కింగ్ టైలు. మామూలు ఫ్లోర్ టైలు కన్నా మందం, 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. పైన గరుకుగా ఉంటుంది, తడికాలితో నడిచినా జారదు. దీంతో అందం రాదనే మాట నేను ఒప్పుకోను. షాపులవాళ్లు చూపించే గులకరాళ్ల బొమ్మల టైలు జోలికి పోకుండా, ఒకే సైజులో రెండు సాదా షేడ్లు తీసుకోండి. కారు నిలిచే చోటంతా మధ్యరకం బూడిద రంగు, గేటు నుంచి మెట్ల దాకా మనుషులు నడిచే దారిలో లేత షేడు, చుట్టూ సన్నని ముదురు అంచు. అంతే, పార్కింగ్‌లో ఒక వీధి గీసినట్టుంటుంది. ఇంకా సోకు కావాలంటే మెట్ల ముందు నాలుగడుగుల చదరంలో చుక్కల ముగ్గు డిజైను టైలు వేయించండి. నల్ల టైలు మీద దుమ్ము, తెల్లదాని మీద టైరు చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, రెండూ వద్దు.

టైలు కన్నా దాని కింద వేసే సిమెంటు మాలు ముఖ్యం. తొందరలో ఉన్న మేస్త్రి నాలుగు మూలలా సిమెంటు ముద్దలు పెట్టి టైలు అదిమేస్తాడు, మధ్యలో డొల్ల మిగులుతుంది. హాల్లో అది ఎన్నేళ్లయినా బయటపడకపోవచ్చు. ఇక్కడ కారు చక్రం సరిగ్గా ఆ డొల్ల మీదకు ఎక్కిన రోజు పగులుతుంది. ఆరిన తర్వాత రూపాయి బిళ్లతో ఒక్కో టైలు మీదా కొట్టి వినండి. బోలుగా మోగినవాటికి చాక్‌పీస్‌తో ఇంటూ పెట్టి, మేస్త్రి బిల్లు పూర్తిగా ఇవ్వకముందే మార్పించండి. చక్రాలు నడిచే రెండు పట్టీల్లో ఒక్కటి కూడా వదలొద్దు.

గ్రౌటు, అంటే టైళ్ల సందుల్లో నింపే మాలు విషయంలో మన ఊరి సమస్య ఒకటుంది. దసరా నాడు కారుకు పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, ఎదురుగా కుంకుమ నింపిన గుమ్మడికాయ పగలగొట్టడం. ఆ ఎర్రనీళ్లు సిమెంటు గ్రౌటులోకి దిగితే సంక్రాంతికి కూడా పోవు. పసుపు మరక ఎండ తగిలితే వెలుస్తుంది గానీ నీడలో ఉండే పార్కింగ్‌లో అలాగే ఉండిపోతుంది. ఎపాక్సీ గ్రౌటు పీల్చుకోదు. ఖరీదెక్కువే అయినా కనీసం గేటు దగ్గరి వరసల్లో వేయించుకోండి, లేదా ముదురు రంగు గ్రౌటుతో సరిపెట్టుకోండి.

ఎన్ని టైళ్లు కావాలో ఉదాహరణకు ఒక లెక్క: 18 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు అంటే 360 చదరపు అడుగులు. పదహారు అంగుళాల టైలు ఒకటి సుమారు 1.78 చదరపు అడుగులు, కాబట్టి 203 టైళ్లు. కటింగుకు పదో వంతు కలుపుకోండి. ఒక పెట్టె విప్పకుండా అటక మీద దాచండి. మూడేళ్ల తర్వాత అదే షేడు దొరకదు.

రాయి అంటే ఇష్టమున్నవాళ్లకు పల్నాడు పక్కనే ఉంది. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి, అటు కడప నల్లరాయి రెండూ చవకగా, చల్లగా ఉంటాయి, బరువు మోస్తాయి. రెండు రంగులూ కలిపి గళ్లు వేయిస్తే పాత మండువా ఇంటి కళ వస్తుంది. కానీ ఇవి సున్నపురాళ్లు. ఇంజన్ ఆయిల్ పడితే పీల్చేసుకుంటాయి, బాత్రూమ్ యాసిడ్ పోసి కడిగితే నురగ కక్కి తెల్లమచ్చలు పడతాయి. పనిమనిషికి ఆ ఒక్క మాట గట్టిగా చెప్పగలిగితేనే తీసుకోండి. గ్రానైట్‌కు ఈ బాధ లేదు. మార్టూరు, బల్లికురవ, చీమకుర్తి గుంటూరువాళ్లకు దగ్గరే. చీమకుర్తి గెలాక్సీని పాలిష్ చేస్తే నల్లటి ఆకాశంలో చుక్కలు మెరిసినట్టుంటుంది, వాన రోజు దాని మీద పెద్దవాళ్లు కాలు జారితే ఆ మెరుపు గుర్తుకు రాదు. మంటతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్ తీసుకోండి, పాలిష్ ముక్కలు గోడ వారగా అంచుకు మాత్రమే.

గుంటూరులో నల్లరేగడి మీద కట్టిన ఇళ్లవాళ్లు పేవర్ బ్లాకుల (ఒకదాని పక్కన ఒకటి పేర్చే సిమెంటు దిమ్మలు) గురించి ఆలోచించాలి. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. పెద్ద టైళ్లు దానితో పాటు పగులుతాయి, ఇసుక మీద పేర్చిన పేవర్లు కాస్త లేచి కాస్త దిగి సర్దుకుంటాయి. కార్లకు 60 మిల్లీమీటర్లవి చాలు. కింద పైపు పగిలితే నాలుగు బ్లాకులు తీసి, పని చేసి, మళ్లీ పేర్చేయొచ్చు. చీమలు ఇసుక బయటకు తోడడం, గడ్డి మొలవడం, బంతిలో కుర్చీ కాళ్లు ఊగడం దీనితో వచ్చే ఇబ్బందులు. కప్పు లేని ముందు భాగానికి పేవర్లు, కప్పు కిందికి టైలు పెట్టుకుంటే రెండూ కలిసొస్తాయి. ఇక చవకగా తేలాలంటే సిమెంటు గచ్చే. ఎర్ర ఆక్సైడు కలిపి, మధ్యలో పట్టీలు ఇచ్చి గళ్లుగా పోయిస్తే బాగానే ఉంటుంది. చేయి తిరిగిన మేస్త్రి దొరకడమే కష్టం.

ఏది వేసినా వాటం ముందు చూసుకోండి. నూటికి ఒకటి చొప్పున, అంటే 20 అడుగుల పొడవుకు దాదాపు రెండున్నర అంగుళాలు గేటు వైపుకో నీళ్లు పోయే జాలీ వైపుకో వాలు ఉండాలి. పాత నేల మీదే కొత్త టైలు వేస్తే మట్టం రెండంగుళాలు పెరుగుతుంది. గేటు కింది ఖాళీ, మెట్టు ఎత్తు సరిపోతాయో ముందే కొలవండి. నిజానికి మన వీధుల్లో ఆ పెరగడం మంచిదే. ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తుంటే ఇల్లు గుంటలో పడిపోతోంది కదా.

గోడలు

మొదట టేపు తీసుకుని వెడల్పు కొలవండి. కారు వెడల్పు సుమారు 5 అడుగుల 9 అంగుళాలు. చోటు 9 అడుగులే అయితే రెండు వైపులా కలిపి మిగిలేది మూడు అడుగుల చిల్లర. ఇటూ అటూ రెండేసి అంగుళాల మందం రాతి క్లాడింగ్ (గోడకు తొడిగే రాతి పలకలు) అంటిస్తే నాలుగంగుళాలు పోతాయి, డోరు తీసినప్పుడల్లా అంచు గీసుకుంటుంది. ఇరుకు చోట కింద సన్నటి టైలు, పైన గరుకుగా కనిపించే టెక్స్‌చర్ పెయింటు. క్లాడింగ్ మోజు ఉంటే కారు ముక్కుకు ఎదురుగా ఉండే ఒక్క గోడకే.

గీత కింది నాలుగడుగులకూ మ్యాట్ వాల్ టైలు లేదా గ్రానైట్ వేస్తే వరదకూ, బురద చిమ్మటానికీ, పిల్లల సైకిల్ హ్యాండిళ్లకూ తట్టుకుంటుంది. పైభాగానికి షాపుల్లో ఇప్పుడు ఎక్కువగా చూపించేది పాలరాయిలా మెరిసే పీవీసీ షీట్లు, చెక్కలా కనిపించే డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పట్టీలు. పీవీసీ నీళ్లకు చెడదు, కానీ పడమటి ఎండ నేరుగా పడితే వంగుతుంది. పైగా వెనకాల ఖాళీ ఉంటే బొద్దింకలకు అద్దె లేని ఇల్లు. డబ్ల్యూపీసీ పట్టీలు గీత పైన, ఒకే గోడకు, మూడు నాలుగు అడుగుల వెడల్పున నిలువుగా వేస్తే చాలు. గోడంతా నింపితే రెస్టారెంటులా ఉంటుంది. అసలు చెక్క వద్దు, చెదలు వదలవు.

గోడ పెచ్చులు ఊడుతూ, తెల్లగా ఉప్పు పూస్తూ ఉంటే పైన ఏది వేసినా దండగే. చాలామంది ఆ మరకను దాచడానికే ప్యానెల్ వేయిస్తారు. చెమ్మ లోపల పెరుగుతూనే ఉంటుంది. ముందు ప్లాస్టరు చెక్కించి, నీరు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుని, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఆరనిచ్చి, ఆ తర్వాతే లప్పం, రంగు. టెక్స్‌చర్‌కు లోపలి గోడల రంగు కాకుండా ఎక్స్‌టీరియర్ ఎమల్షనే అడగండి.

పిల్లర్లను మర్చిపోకండి. బండి తగిలేది వాటికే. పసుపు, నలుపు చారల రబ్బరు గార్డు అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు సరే, ఇంటికి అందవికారం. మూడడుగుల ఎత్తు దాకా అంచులు గుండ్రంగా తిప్పిన గ్రానైట్ తొడుగు వేయిస్తే రక్షణా ఉంటుంది, చూడటానికీ బాగుంటుంది.

గేటా, షట్టరా

వీధిలో నడిచేవాళ్లకు మీ పార్కింగ్ అంటే గేటే. రోలింగ్ షట్టర్ భద్రంగానే ఉంటుంది గానీ ఇంటికి కిరాణా కొట్టు రూపు తెస్తుంది, గాలి ఆడదు, ఎండాకాలం లోపల ఉడికిపోతుంది. ఇళ్లకు నేను దాన్ని చెప్పను. రెండు రెక్కల గేటు చూడటానికి దర్జా, కానీ లోపలికి తెరిస్తే కారు చోటు తింటుంది, బయటికి తెరిస్తే రోడ్డు మీదకు వస్తుంది. పక్కన గోడ పొడవు ఉంటే స్లైడింగ్ మేలు. బ్రాడీపేట, వన్‌టౌన్ లాంటి చోట్ల ఇరుకు స్థలాలకు మడత గేటు.

డిజైనుకు లేజర్ కటింగ్ షీటు ఇప్పుడు మోజు. ఆకులు, నెమళ్లు, జాలీలు ఏవైనా కోసిస్తారు. ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్ షెడ్లకు వెళ్లి, కట్ చేసి ఉంచిన షీట్లు చేత్తో పట్టుకుని చూసి ఎంచుకోండి, ఫోన్ బొమ్మలో మందం తెలియదు. పలచటి షీటు గాలికి రేకు డబ్బాలా చప్పుడు చేస్తుంది. నెమలి మూడేళ్లకు విసుగొస్తుంది, సాదా జాలీ విసుగు రాదు. గేటులో కనీసం మూడో వంతు గాలి ఆడేలా ఉంచండి. ఇనుమైతే పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడితో అతికించే పూత) చేయించండి, అదీ వెల్డింగులన్నీ పూర్తయ్యాక. తర్వాత ఒక్క కమ్మీ అతికించినా అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

సీలింగు, లైట్లు

సీలింగు మీద డబ్బు తగ్గించుకోవచ్చు. పై అంతస్తు పైపులు కనపడకుండా పూర్తిగా మూసేస్తే, లీకు మొదలైన సంగతి సీలింగు మరక పట్టేదాకా తెలియదు, ఎలుకలకూ మంచి చోటు. పైపులకూ కప్పుకూ ఒకే రంగు కొట్టి వదిలేయడం చవక, నా కంటికి అందం కూడా. మూయాల్సిందే అంటే పైపుల కింద మాత్రం తీసి పెట్టుకునే ముక్కలు ఉండేలా అడగండి. జిప్సమ్ వద్దు.

లైట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మధ్యలో తెల్లటి వెలుగిచ్చే ఒక 6500 కెల్విన్ ట్యూబు (కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు తిరుగుతుంది) వేస్తే ఎంత ఖర్చుపెట్టిన గోడైనా ఆసుపత్రి కారిడార్‌లా కనిపిస్తుంది. కారు నిలిచే చోట 4000 కెల్విన్ లైట్లు రెండు, గోడ మీదకు పైనుంచి జారే 3000 కెల్విన్ వెలుగు ఒకటి, నడిచే దారికి సెన్సర్ లైటు. జల్లు కొట్టేచోట దుమ్ముకు, నీళ్లకు తట్టుకునే ఐపీ 65 రకం తీసుకోండి. టెక్స్‌చర్ గోడకు ఎదురుగా కాకుండా ఇలా గోడ వారగా వెలుగు పడితేనే ఆ గరుకు కనిపిస్తుంది.

ఎలక్ట్రిక్ స్కూటరు ఇప్పుడు లేకపోయినా, గోడలు తవ్వేటప్పుడే 16 ఆంపియర్ల సాకెట్‌కు విడిగా వైరు, మంచి ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీబీఓ (కరెంటు లీకైనా, లోడు ఎక్కువైనా ఆగిపోయే స్విచ్) పెట్టించేయండి. సాకెట్ నాలుగడుగుల గీత పైనే ఉండాలి. చార్జింగ్ పెట్టే మూలలో ప్లాస్టిక్ ప్యానెళ్లు వద్దు.

అలంకారంగా ఏం పెట్టాలంటే, గీత పైన ఒక గూడు చేయించి వెనక చిన్న లైటు పెట్టండి. అందులో కొండపల్లి ఎడ్లబండి బాగుంటుంది గానీ అది తెల్ల పొణికి చెక్క, జల్లు తగిలేచోటైతే అద్దం తప్పనిసరి. దుర్గి రాతి శిల్పమైతే తడిసినా భయం లేదు. కలంకారీ గుడ్డ ఫ్రేములు ఇక్కడ దుమ్ముకు నిలవవు, హాల్లోనే ఉంచండి. అన్నట్టు, ఇంత అందంగా తయారైంది కదా అని ఆ చోటుకు గోడ కట్టి ఆఫీసు గదో, అద్దె గదో చేయకండి. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించినది గదిగా మారిస్తే అది డీవియేషనే, అంటే అనుమతి తీసుకున్న ప్లాన్‌ను తప్పడమే.

మూడు రకాల ఇళ్లు, మూడు జవాబులు

పటమట, మొగల్రాజపురం వైపు పాత ఇండిపెండెంట్ ఇల్లయితే చెమ్మ పని ముందు, ఆపైన పార్కింగ్ టైలు, ఒక్క గోడకు టెక్స్‌చర్. ఎపాక్సీ మాట ఎత్తొద్దు. పోరంకి, కానూరు వైపు కొత్తగా కడుతున్న స్టిల్ట్ ఇల్లయితే (కింద పిల్లర్ల మధ్య పార్కింగ్, పైన ఇల్లు) ఇంకా చేతిలో పనే, కాంక్రీటు కింద పాలిథీన్ షీటు వేయించుకుంటే తర్వాత ఏదైనా ఎంచుకోవచ్చు. బడ్జెట్ ఉంటే ఫ్లేమ్డ్ గ్రానైట్‌కే వెళ్లండి. గుంటూరులో నల్లరేగడి మీద ఒక్క కారుకు సరిపోయే ఇరుకు ముంగిలి అయితే పేవర్లు, మడత గేటు, మంచి లైట్లు. అంతకు మించి పెడితే చోటు మూసుకుపోతుంది.

పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించేలా చూసుకోండి. వరస కూడా ముఖ్యం: గేటు కొలతలు, వైర్ల గాడులు, చెమ్మ పని, సీలింగు, గోడలు, ఆఖరికి నేల. టైలు వేశాక గేటు వెల్డింగు, గ్రైండింగు అక్కడే చేస్తే ఇనుప రవ్వలు టైలులో దిగబడి, తొలి వానకు ప్రతి చుక్కా తుప్పు మరక అవుతుంది. నేల పూర్తయ్యాక కనీసం వారం బండి ఎక్కించొద్దు. ఆ వారం కారు ఎక్కడ పెట్టుకోవాలో పక్కింటివాళ్లను ముందే అడిగి ఉంచుకోండి.